ఫొటో ప్రింటుకు ఏ ఇంకు? ఒరిజినల్, కంపాటిబుల్, రీఫిల్ లెక్కలు విప్పి చూస్తే

ఒకే ఫొటోను రెండు 4×6 కాగితాల మీద ప్రింట్ తీసి పక్కపక్కన పెడితే, కంపెనీ ఇంకుతో తీసింది ఏదో, రీఫిల్ ఇంకుతో తీసింది ఏదో చాలామంది పోల్చుకోలేరు. ధరలో మాత్రం అయిదింతలు, ఒక్కోసారి వందింతల తేడా. అందుకే "కంపెనీ ఇంకు అంటే పేరుకు పెట్టే డబ్బు" అని ఒకరు, "రీఫిల్ పోస్తే ప్రింటర్ పోయినట్టే" అని ఇంకొకరు గట్టిగా చెబుతుంటారు. ఇద్దరి మాటకూ ఆధారం ఉంది. ఎటొచ్చీ ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే రకం ప్రింటర్ గురించి కాకపోవచ్చు, ఒకే రకం ఇంకు గురించి అసలే కాకపోవచ్చు.

"డూప్లికేట్" అన్న ఒక్క మాటలో ఇమిడిన నాలుగు సరుకులు

ప్రింటర్ తయారు చేసిన కంపెనీయే తన పేరుతో అమ్మేది ఒరిజినల్. వేరే కంపెనీ తన సొంత పేరుతో, ఫలానా మోడల్‌కు పనికొస్తుందని చెప్పి అమ్మేది కంపాటిబుల్. అయిపోయిన కార్ట్రిడ్జ్‌లో సిరంజితో మళ్లీ ఇంకు ఎక్కిస్తే అది రీఫిల్. వాడేసిన కార్ట్రిడ్జ్‌ను ఫ్యాక్టరీలో విప్పి, కడిగి, స్పాంజి మార్చి, పరీక్షించి అమ్మితే అది రీమాన్యుఫాక్చర్డ్. ఈ నాలుగూ చట్టబద్ధమైన సరుకులే. అయిదోది నకిలీ. అంటే కంపెనీ పెట్టెను, లేబుల్‌ను, హోలోగ్రామ్‌ను అనుకరించి, లోపల ఏదో ఇంకు పోసి ఒరిజినల్ ధరకు దగ్గరగా అమ్మేది.

కౌంటర్ దగ్గర ఒరిజినల్ కాని వాటన్నింటినీ కలిపి "డూప్లికేట్" అనేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. కంపాటిబుల్ కొన్నవాడికి తాను ఏం కొన్నాడో తెలుసు. తక్కువ ధర ఇచ్చాడు, రిస్కు తనదేనని ఒప్పుకున్నాడు. నకిలీ కొన్నవాడు మాత్రం ఒరిజినల్ ధర చెల్లించి రీఫిల్ రిస్కు మోస్తాడు. మన దేశంలో ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లోని 103వ సెక్షన్ కింద ఇలా ఇతరుల పేరును తప్పుగా వాడటం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. తన పేరుతో కంపాటిబుల్ ఇంకు అమ్ముకునేవారికి ఆ సెక్షన్‌తో పనిలేదు.

హెడ్ ఎక్కడ ఉంది?

ఇంకు ఎంపిక గురించి మాట్లాడే ముందు ప్రింట్ హెడ్ గురించి తెలియాలి. కాగితం మీదికి చుక్కలు వదిలే సన్నని రంధ్రాల పలక, అంటే నాజిళ్లు ఉన్న భాగమే హెడ్. ప్రింటర్‌లో అన్నింటికంటే విలువైనది, నాజూకైనది అదే.

హెచ్‌పీ 803, 680, కెనాన్ పీజీ-745, సీఎల్-746 లాంటి చిన్న కార్ట్రిడ్జ్‌లలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అంటుకుని ఉంటుంది. తిప్పి చూస్తే వెనక రాగిరంగు కాంటాక్టుల పట్టీ, అడుగున మెరిసే చిన్న పలక కనిపిస్తాయి. కొత్త కార్ట్రిడ్జ్ కొన్న ప్రతిసారీ కొత్త హెడ్ వస్తుంది. ఎప్సన్ ట్యాంకు ప్రింటర్లలో అలా కాదు. హెడ్ ప్రింటర్‌లో శాశ్వతంగా బిగించి ఉంటుంది, బాటిల్ నుంచి పోసే ఇంకు గొట్టాల గుండా దాని దగ్గరికి చేరుతుంది. అది పూడిపోతే విప్పి మార్చాలి. ఆ ఖర్చు కొన్ని మోడళ్లలో ప్రింటర్ ధరలో సగానికి వెళుతుంది.

దీన్నిబట్టి చెడ్డ ఇంకు వల్ల జరిగే నష్టానికి హద్దు ఎక్కడో తెలిసిపోతుంది. మొదటి రకంలో రీఫిల్ బెడిసికొడితే పోయేది ఆ కార్ట్రిడ్జ్ వరకే. రెండో రకంలో పోయేది ప్రింటరే కావచ్చు. రీఫిల్ గురించి ఎవరు ఏ అనుభవం చెప్పినా, ముందు ఆ ప్రింటర్‌లో హెడ్ ఎక్కడుందో అడగాలి.

రెండు రకాలు పాడయ్యే తీరు కూడా వేరు. హెచ్‌పీ, కెనాన్ వాడేది థర్మల్ పద్ధతి. నాజిల్ వెనక ఉన్న చిన్న హీటర్ కొన్ని మైక్రోసెకన్లలో సుమారు 300 డిగ్రీలకు వేడెక్కి, ఇంకులో బుడగ పుట్టించి చుక్కను బయటికి తోస్తుంది. ఆ హీటర్‌ను చల్లబరిచేది కూడా ఇంకే. కార్ట్రిడ్జ్ ఖాళీ అయ్యాక కూడా "ఇంకో రెండు పేజీలు" అని లాగితే హీటర్లు కాలిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి ఇంకు ఎక్కించినా ఆ నాజిళ్లు పలకవు. "రీఫిల్ చేస్తే పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం రీఫిల్‌కు ముందు జరిగిన ఈ పనే. నాణ్యత లేని ఇంకులోని పదార్థాలు హీటర్ మీద మాడి పొరలా పేరుకోవడం ఇంకో సమస్య. దీన్ని కొగేషన్ అంటారు. మాడటం అనే అర్థమున్న జపాన్ మాట నుంచి వచ్చిన పేరది.

ఎప్సన్‌ది పీజో పద్ధతి. కరెంటు తగిలితే వంగే స్ఫటికం ఇంకును నెడుతుంది, వేడి ఉండదు. కాబట్టి హెడ్ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎండిన ఇంకు, లోపల చేరిన గాలి మాత్రం దానికి గిట్టవు.

1.5 పికోలీటర్ల చుక్క ఏం కోరుతుంది?

మన స్టూడియోల్లో పాస్‌పోర్ట్ ఫొటోల కోసం విరివిగా కనిపించే ఎప్సన్ ఎల్805 వదిలే అతి చిన్న చుక్క 1.5 పికోలీటర్లు. 1 మి.లీ. ఇంకులో అలాంటి చుక్కలు దాదాపు 67 కోట్లు. అంత సన్నని చుక్క నాజిల్ నుంచి తోక లేకుండా, వంకర పోకుండా ప్రతిసారీ ఒకేలా రావాలంటే ఇంకు చిక్కదనం, తలతన్యత చాలా ఇరుకైన హద్దుల్లో ఉండాలి.

ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అందులో రంగు పదార్థం, నాజిల్ దగ్గర ఎండిపోకుండా కాపాడే గ్లిజరాల్, గ్లైకాల్ లాంటివి, తలతన్యతను సరిచేసే సర్ఫక్టెంట్, బూజు పట్టకుండా ఆపే మందు కలుస్తాయి. చవక ఇంకులో కక్కుర్తి ఎక్కువగా జరిగేది ఈ కంటికి కనిపించని పదార్థాల దగ్గరే. రంగు చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఏప్రిల్‌లో రెండు వారాలు ప్రింటర్‌ను ఫ్యాన్ గాలికి ఊరికే ఉంచితే నాజిళ్లు ఎండిపోతాయి. వడపోత సరిగా లేకపోతే నలుసులు హెడ్‌లో ఇరుక్కుంటాయి.

ఇది ఫొటోలో ఎలా బయటపడుతుందంటే, నాజిళ్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ ప్రింట్ తీసినప్పుడు లైట్ మెజెంటా (లేత గులాబీ) గళ్లలో రెండు గీతలు మిస్సయి ఉంటాయి. టెక్స్ట్ పేజీలో ఆ లోటు అసలు కనిపించదు. అదే ఒక మొహం ప్రింట్ తీస్తే చెంప మీద, నుదుటి మీద వెంట్రుకంత సన్నని అడ్డగీతలు వరసగా పడతాయి. మొహంలోని లేత ఛాయలను మోసేవి లైట్ మెజెంటా, లైట్ సయాన్ (లేత ఆకాశనీలం) ఇంకులే మరి. ఆఫీసు ప్రింటర్‌కు నిక్షేపంగా పనికొచ్చిన ఇంకు ఫొటోకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

మూడు రంగులు ఒకే డబ్బాలో ఉండే కార్ట్రిడ్జ్‌ల రీఫిల్‌లో మరో చిక్కు ఉంది. పైన స్టిక్కర్ తీస్తే మూడు రంధ్రాలు, వాటి కింద మూడు స్పాంజి గదులు ఉంటాయి. సిరంజిని వేగంగా నొక్కినా, పట్టేదానికంటే ఎక్కువ పోసినా ఒక గదిలోని ఇంకు పొంగి పక్క గదిలోకి దిగుతుంది. ముందు చెడేది పసుపే. కాస్త సయాన్ తగిలితే ఆకుపచ్చ అవుతుంది, మెజెంటా తగిలితే నారింజ అవుతుంది. నాజిళ్ల వైపును తడి టిష్యూ మీద అద్దితే మూడు చారలూ విడివిడిగా, స్వచ్ఛంగా కనిపించాలి. పసుపు చార మురికిగా ఉంటే ఎన్నిసార్లు హెడ్ క్లీనింగ్ చేసినా మొహాలు సరిగా రావు.

డై, పిగ్మెంట్, సబ్లిమేషన్: ఒకేలా కనిపించే మూడు బాటిళ్లు

డై ఇంకులో రంగు ఉప్పు నీళ్లలో కరిగినట్టు పూర్తిగా కరిగి ఉంటుంది. కాగితం పూతలోకి ఇంకి, గ్లాసీ పేపర్ మీద నిగనిగలాడుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు అతి సన్నని రేణువుల రూపంలో తేలుతూ, కాగితం పైపైన కూర్చుంటుంది. నీళ్లకు, వెలుతురుకు బాగా తట్టుకుంటుంది. కానీ సాధారణ గ్లాసీ పేపర్ మీద మెరుపు మందగిస్తుంది, కొన్నిసార్లు వేలితో రుద్దితే అంటుకుంటుంది.

కెనాన్ జీ సిరీస్‌లో జీఐ-790 ఇంకులు వాడే మోడళ్లలో నలుపు పిగ్మెంట్, మిగతా మూడు రంగులు డై. ఇది తెలియక "యూనివర్సల్" అని రాసి ఉన్న డై నలుపు పోస్తే సాదా కాగితం మీద అక్షరాల అంచులు అలుక్కుంటాయి. తిరకాసు ఏమిటంటే గ్లాసీ ఫొటో పేపర్ ఎంచుకున్నప్పుడు ఇలాంటి ప్రింటర్ ఆ పిగ్మెంట్ నలుపును దాదాపు పక్కన పెట్టేసి, మూడు రంగులూ కలిపి నలుపు తయారు చేస్తుంది. ఆ మూడింటిలో ఏది కొంచెం తేడాగా ఉన్నా జుట్టు నల్లగా రాదు. ఆకుపచ్చగానో, గోధుమరంగుగానో తేలుతుంది.

సబ్లిమేషన్ ఇంకు కప్పులు, టీషర్టుల కోసం. హీట్ ప్రెస్ కింద సుమారు 200 డిగ్రీల వేడి తగిలితే తప్ప దాని అసలు రంగు రాదు. ఫొటో పేపర్ మీద వెలిసినట్టు ఉంటుంది. ఒకే ప్రింటర్‌లో కొన్నాళ్లు ఇది, కొన్నాళ్లు ఫొటో ఇంకు పోస్తే గొట్టాల్లో మిగిలినది కలిసిపోతుంది. డై ట్యాంకులో పిగ్మెంట్ కలిస్తే ఇంకా ప్రమాదం. పొసగని రసాయనాలు కలిసి రేణువులు గుంపు కట్టి, జిగురులా హెడ్‌ను మూసేస్తాయి. వేర్వేరు కంపెనీల డై ఇంకులు కలిసినా ఇలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంకు మంచిదే, మరి రంగు ఎందుకు తప్పుతుంది?

ప్రింటర్ డ్రైవర్‌లో "ప్రీమియం గ్లాసీ" అని ఎంచుకున్నప్పుడు లోపల ఒక పట్టిక పనిలోకి వస్తుంది. ఈ ఛాయ కావాలంటే సయాన్ ఇంత, మెజెంటా ఇంత వదలాలి అని చెప్పే ఆ పట్టికను ప్రొఫైల్ అంటారు. ఆ కంపెనీ సొంత ఇంకును, సొంత కాగితం మీద కొలిచి తయారు చేసింది అది. కంపాటిబుల్ ఇంకులో సయాన్ కాస్త నీలం వైపు మొగ్గినా చాలు, ఆ కొలతలన్నీ పక్కకు జరుగుతాయి. నీలం చీర, ఎర్ర పువ్వులో ఆ తేడా కన్ను పట్టించుకోదు. బూడిదరంగు గోడ, తెల్ల చొక్కా మడతల్లో నీడ, మనిషి మొహం, ఈ మూడూ దాచుకోలేవు. అందుకే ఇంకును పోల్చడానికి బ్లాక్ అండ్ వైట్ ఫొటోను కలర్ మోడ్‌లో ప్రింట్ తీయడం మంచి పరీక్ష. బూడిదలో గులాబీ ఛాయో, పచ్చదనమో ఉంటే అక్కడే దొరికిపోతుంది.

దీనికి విరుగుడు ఉంది. రంగుల గళ్ల చార్టు ప్రింట్ తీసి, స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిచి, ఆ ఇంకుకూ ఆ కాగితానికీ కొత్త ప్రొఫైల్ చేయించవచ్చు. మంచి కంపాటిబుల్ ఇంకు, సరైన ప్రొఫైల్ కలిస్తే ఒరిజినల్‌కు చాలా దగ్గరగా వస్తుంది. కానీ ప్రొఫైల్ ఆ ఇంకుకే చెల్లుతుంది. తర్వాతి నెల దుకాణంలో ఆ బ్రాండ్ దొరక్క ఇంకోటి తెచ్చినా, అదే బ్రాండ్‌లో రంగు బ్యాచ్ బ్యాచ్‌కూ మారినా మళ్లీ మొదటికే. ఒరిజినల్ ఇంకుకు మనం ఎక్కువ ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ నిలకడకే పోతుంది.

ఒక ఫొటోకు నిజంగా ఎంత పడుతుంది?

పెట్టె మీద రాసే పేజీల సంఖ్యను ఫొటోలకు అన్వయించకూడదు. అది ఐఎస్ఓ/ఐఈసీ 24711 పద్ధతిలో, సాదా కాగితం మీద ఆఫీసు పత్రాల నమూనాతో లెక్కించినది. ఫొటోల కోసం 29102 అనే వేరే ప్రమాణమే ఉంది. ఆఫీసు పేజీలో కాగితం చాలా భాగం తెల్లగానే ఉంటుంది, ఫొటో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఇంకు తాగుతుంది.

ఎప్సన్ ఎల్800 శ్రేణిలో ఒక్కోటి 70 మి.లీ. ఉన్న ఆరు బాటిళ్ల సెట్టుకు 1,800 ఫొటోలు, 4×6 సైజువి, వస్తాయని కంపెనీ లెక్క. 420 మి.లీ.ని 1,800తో భాగిస్తే ఫొటోకు సుమారు 0.23 మి.లీ. దీన్ని కొలమానంగా తీసుకుని, లెక్క తేలిగ్గా ఉండేందుకు ఊహించుకున్న ధరలతో చూద్దాం.

ఒరిజినల్ బాటిల్ రూ.700 అనుకుంటే సెట్టు రూ.4,200, ఫొటోకు రూ.2.33. కంపాటిబుల్ బాటిల్ రూ.140 అయితే సెట్టు రూ.840, ఫొటోకు 47 పైసలు. మిగులు రూ.1.86. హెడ్ మార్చడానికి రూ.8,000 అవుతుందనుకుందాం.

నెలకు 20 ఫొటోలు తీసే ఇంట్లో ఏడాది మిగులు రూ.446. ఒక్కసారి హెడ్ పోతే, ఆ డబ్బు తిరిగి కూడబెట్టడానికి దాదాపు 18 ఏళ్లు పడుతుంది. రోజుకు 100 షీట్ల చొప్పున నెలలో 26 రోజులు పాస్‌పోర్ట్ ఫొటోలు తీసే స్టూడియోకు నెల మిగులే రూ.4,836. రెండు నెలలు తిరక్కుండానే హెడ్ ఖర్చు వచ్చేస్తుంది. పైగా అక్కడ హెడ్ రోజూ తడిగా ఉంటుంది కాబట్టి పూడుకుపోయే ప్రమాదమూ తక్కువ. అదే ప్రింటర్, అదే ఇంకు. స్టూడియోవాళ్లు కంపాటిబుల్ వాడటం వాళ్లకు తెలివైన పని, వాళ్లను చూసి ఇంట్లో వాడటం మాత్రం కాదు.

మధ్యలో పారేసే షీట్లను కూడా కలపాలి. కాగితం రూ.5 అయి, రంగు కుదరక వందలో పది షీట్లు మళ్లీ తీయాల్సి వస్తే రూ.55 పోతుంది. నూరు ఫొటోలకు మిగిలిన రూ.186 కాస్తా రూ.131 అవుతుంది.

చిన్న కార్ట్రిడ్జ్ ప్రింటర్లలో లెక్క పూర్తిగా మారిపోతుంది. మూడు రంగులూ కలిపి 4 మి.లీ. ఉన్న కార్ట్రిడ్జ్ రూ.1,000 అనుకుంటే వచ్చేవి 17 ఫొటోలు, ఒక్కోటి రూ.59. మి.లీ. రూ.2 చొప్పున నాలుగుసార్లు రీఫిల్ చేసి ఆపైన పారేస్తే 85 ఫొటోలకు రూ.1,032, ఒక్కోటి రూ.12. రిస్కు కార్ట్రిడ్జ్ వరకే కాబట్టి ఇక్కడ రీఫిల్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే రూ.12 అన్నది ట్యాంకు ప్రింటర్‌లో ఒరిజినల్ ఇంకుతో పడే రూ.2.33కు అయిదు రెట్లు. ఫొటోలు తరచూ తీసేవారు ఇంకు మార్చాలా అనే ముందు ప్రింటర్ మార్చాలా అని ఆలోచించాలి.

చిప్పుల పంచాయితీ

ప్రింటర్‌ను చవగ్గా అమ్మి ఇంకు మీద సంపాదించడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి. ఇంకు, హెడ్, కాగితం కలిపి అభివృద్ధి చేయడానికి ఏళ్లు పడుతుందని, తెలియని ఇంకు వల్ల వచ్చే చెడ్డపేరు తమ మీదే పడుతుందని కంపెనీలు వాదిస్తాయి. అందులో నిజం లేకపోలేదు. కొన్న వస్తువులో ఏ ఇంకు పోసుకోవాలో యజమాని ఇష్టమన్నది అవతలి వాదం, అదీ న్యాయమైనదే.

గొడవ ముదిరేది కంపెనీ ఆ ఎంపికను కార్ట్రిడ్జ్ మీది చిప్‌తో అడ్డుకున్నప్పుడు. 2016 సెప్టెంబరులో ఇతర కంపెనీల చిప్పులను గుర్తించి ఆపే హెచ్‌పీ డైనమిక్ సెక్యూరిటీ వల్ల అంతవరకు పనిచేసిన ఇతర చిప్పుల కార్ట్రిడ్జ్‌లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇలాంటి పరిమితుల గురించి కొనుగోలుదారులకు స్పష్టంగా చెప్పలేదని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020లో హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది. అమెరికాలో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ కేసులో 2017లో సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మిన కార్ట్రిడ్జ్ మీద పేటెంట్ హక్కు ముగుస్తుందని, రీఫిల్ చేసి అమ్మేవారిని ఆ హక్కుతో ఆపలేరని తేల్చింది. అయితే చిప్ పెట్టకూడదని మాత్రం ఆ తీర్పు చెప్పలేదు. హెచ్‌పీ ప్లస్ పథకంలో చేరిన ప్రింటర్లు నేటికీ ఒరిజినల్ ఇంకుతోనే నడుస్తాయి. ప్రింటర్ కొనేటప్పుడే ఆ షరతు చదువుకోవాలి.

అసలు తేడా ఎప్పుడు కనిపిస్తుంది?

మొదటి రోజు ఒకేలా ఉన్న రెండు ప్రింట్లు అలాగే ఉండవు. ఫొటోకు ముగ్గురు శత్రువులు: వెలుతురు, గాలిలోని ఓజోన్, తేమ. డై ఇంకుల్లో సాధారణంగా ఓజోన్ దెబ్బకు ముందు పోయేది సయాన్, అప్పుడు బొమ్మ నారింజ వైపు తిరుగుతుంది. వెలుతురు దెబ్బకు ముందు వెలిసేది తరచు మెజెంటా, అప్పుడు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. వెంటనే ఆరిపోయే మైక్రోపోరస్ కాగితాలు రంధ్రాలతో ఉంటాయి కాబట్టి గాలి లోపలికంటా వెళ్లి రంగును తింటుంది.

ఒరిజినల్ అయినంత మాత్రాన భద్రం అనుకోవడానికి వీల్లేదు. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫొటో 870, 1270 ప్రింటర్లతో కంపెనీ సొంత ఇంకు, సొంత కాగితం మీద తీసిన ప్రింట్లే కొన్నిచోట్ల కొద్ది రోజుల్లో నారింజరంగుకు తిరిగాయి. కారణం ఓజోన్. ఆ దెబ్బ తర్వాతే కంపెనీలు గాలిని తట్టుకునే డైల మీద గట్టిగా పనిచేశాయి. హెన్రీ విల్‌హెల్మ్ పరిశోధనశాల ఫొటోల ఆయుష్షు లెక్కగట్టేటప్పుడు రోజుకు 12 గంటలు, 450 లక్స్ వెలుతురును ప్రాతిపదికగా తీసుకుంటుంది. ఆ సంఖ్య ఫలానా ఇంకు, ఫలానా కాగితం జతకే వర్తిస్తుంది. బాటిల్ మీద "100 ఏళ్లు" అని ఉండి, ఏ కాగితం మీదో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మన ఇళ్లలో పోయినవారి ఫొటోను పెద్దది చేయించి, పటం కట్టించి, దండ వేసి గోడకు పెడతాం. అది కిటికీకి ఎదురుగా ఉండి, చవక డై ఇంకుతో, పేరులేని గ్లాసీ కాగితం మీద తీసినదైతే కొన్నాళ్లకు మొహం పాలిపోతుంది. పటం విప్పి చూస్తే చెక్క అంచు కింద దాగిన పావు అంగుళం మేర ముదురు నీలం చీర అంచు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. దాని పక్కనే వెలుతురు తగిలిన భాగం వెలిసిపోయి ఉంటుంది. అలాంటి ఫొటోకు రూ.1.86 మిగుల్చుకోవడంలో అర్థం లేదు. 4×6కు నాలుగింతలున్న ఎ4 సైజుకు లెక్కేసినా మిగిలేది ఎనిమిది రూపాయల లోపే. పిగ్మెంట్ ఇంకుతోనో, కలర్ ల్యాబ్‌లోని ఫొటోగ్రాఫిక్ కాగితం మీదో తీయించి, అద్దం బిగించి, ఎండ పడని గోడకు పెట్టాల్సిన ఫొటో అది. దరఖాస్తు ఫారానికి అంటించే పాస్‌పోర్ట్ ఫొటోకు ఆ బాధ లేదు.

మీ దగ్గరున్న ఇంకు ఏ కోవలోకి వస్తుందో ఖర్చు లేకుండా తెలుస్తుంది. ఒకే కాగితం మీద మొహం ఉన్న ఫొటో, పక్కన సయాన్, మెజెంటా, పసుపు, బూడిద గళ్లు ప్రింట్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి, సగభాగాన్ని నల్లకాగితంతో కప్పి ఎండ వచ్చే కిటికీకి అంటించాలి. వెనక తేదీ, ఇంకు పేరు, కాగితం పేరు రాసుకోవాలి. ఆరు వారాల తర్వాత నల్లకాగితం తీసినప్పుడు, కప్పిన భాగానికీ కప్పని భాగానికీ మధ్య మొహం మీద గీత కనిపిస్తే ఆ ఇంకు, ఆ కాగితం జతను పటానికి వాడకూడదు.